పలక మీద పనీర్

“ఈ రాయి మీద కూడు పెట్టుకొని తింటే మనిషి చస్తాడా పెద్దమ్మా?”

జయలక్ష్మిని ఈ మాట అడిగినవాడు పామూరు నరేష్. నిరుడు ఎండలు ముదురుతున్న రోజుల్లో, మార్కాపురంలో తర్లుపాడు రోడ్డు మీదున్న ఆమె పలకల షెడ్డుకు వచ్చి, గోడకు ఆనించిన నల్లరాతి పలక ఒకటి రెండు చేతులా ఎత్తిపట్టుకొని అడిగాడు. రాయి కొనడానికి వచ్చినవాడు ముందు రేటు అడుగుతాడు. ఇంకొంచెం తెలిసినవాడైతే ఏ గనిదని అడుగుతాడు. ముప్పై తొమ్మిదేళ్లుగా ఆ షెడ్డులో కూర్చున్న మనిషికి ఇది కొత్త ప్రశ్న. ఆమె అతని మొహం చూసి, ఈ ఊరి పిల్లలంతా పలకలు నాకి నాకి పెద్దోళ్లయినవాళ్లే, ఎవరూ చావలేదు, నువ్వు నిశ్చింతగా తిను అని చెప్పింది.

ఆమె చెప్పింది అబద్ధం కాదు. ఆ రోజుకు ఆమెకు తెలిసిన నిజం అంతే.

జయలక్ష్మికి యాభై తొమ్మిదేళ్లు. కంభంలో బెల్లం, చింతపండు అమ్మే వైశ్యుల ఇంట్లో పుట్టి, ఇరవయ్యో ఏట పలకల కృష్ణమూర్తిని చేసుకొని మార్కాపురం వచ్చింది. అప్పట్లో ఊళ్లో ఏ సందులోకి తిరిగినా రాయి కోసే చప్పుడే. ఆరేసిన చీరల మీద, పెరుగు గిన్నె మూతల మీద, మనుషుల కనుబొమ్మల మీద బూడిదరంగు దుమ్ము. దేశంలో సగంమంది పిల్లలు మన రాతి మీదే అక్షరాలు దిద్దారని ఊరివాళ్లు ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. ఆ రాయి కోసినవాళ్ల ఊపిరితిత్తుల సంగతి అంత గొప్పగా చెప్పుకోరు. షెడ్డుకు యజమాని కృష్ణమూర్తి. ఉదయం దీపం వెలిగించడం, సాయంత్రం వైశ్య సంఘంలో కూర్చోవడం ఆయన పని. లోడు దించుకోవడం, కూలీలకు కబురు పెట్టడం, లారీవాడితో పోట్లాడటం ఆమె పని. చాలా దుకాణాలు ఇట్లాగే నడుస్తాయి.

రాయి చూడటానికి ఆమెకొక పద్ధతి ఉంది. గని నుంచి లోడు దిగగానే ఒక రాతిచెక్క తీసి, కొంగుతో తుడిచి, అంచుకు నాలుక ఆనిస్తుంది. నాలుక అతుక్కుంటే ఆ రాయి నీళ్లు తాగే రకం, నాలుగు రోజుల్లో పొరలు లేస్తుంది. జారిపోతే గట్టి రాయి. మామగారు నేర్పిన విద్య. మిగతా షెడ్లవాళ్లు నీళ్లు చల్లి చూస్తారు, ఆమెను చూసి నవ్వుతారు. ఆమె లోడు మాత్రం ఎప్పుడూ వెనక్కి రాలేదు.

పిల్లలు రాతిపలకలు మానేసి అట్టపలకల్లోకి, తర్వాత నోటుపుస్తకాల్లోకి వెళ్లిపోయాక, షెడ్డు గోడరాయికి తిరిగింది. డబ్బున్నవాళ్లు ఇంటి ముందు గోడకు అంటించుకునే నల్లరాయి. దానికొక ముస్తాబు ఉంది. కోసి, నునుపు చేసిన రాయి ఆరితే బూడిదరంగుకు వస్తుంది. కొనేవాడికి నలుపు కావాలి, మెరుపు కావాలి. అందుకని ఆఖరున నూనెగుడ్డతో తుడుస్తారు. మొదట్లో కిరసనాయిలు వాడేవాళ్లు. రేషన్‌లో కిరసనాయిలు ఆగిపోయాక, జోసెఫ్ అనే మెకానిక్ లారీ ఇంజన్లలో నుంచి దించి పారబోసే కాలిన ఆయిల్‌ను డబ్బాల్లో తెచ్చుకొని, కాస్త డీజిల్ కలిపి వాడటం మొదలుపెట్టారు. ఈ తుడుపు పని మల్లమ్మది. ఇరవై రెండేళ్లుగా ఆమెదే. సాయంత్రం నాలుగింటికి మిషన్లు ఆపాక డబ్బా మూత తీస్తుంది. ఆమె గుడ్డ తగలని రాయి షెడ్డు దాటదు. గోడకు అంటించే రాయికి ఏం పూసినా ఎవరికి నష్టం?

నరేష్ వచ్చేనాటికి షెడ్డులో తొమ్మిదిమంది ఆడవాళ్లు వారానికి రెండు రోజులు పనిచేస్తున్నారు. ఆ రెండు రోజులు కూడా ఎంతకాలమో తెలియదు. ఏడాది చూసి, మిషన్లు పాతినుముకు అమ్మేసి, స్థలం అద్దెకిచ్చేద్దామని కృష్ణమూర్తి తేల్చేశాడు. కొడుకు ఫణికృష్ణకు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది, వాడికి ఈ దుమ్ము అక్కర్లేదు. వద్దని అడ్డం తిరిగింది జయలక్ష్మి ఒక్కతే. పెద్ద ఆర్డరు ఒక్కటి పడితే షెడ్డు ఇంకో ఏడాది బతుకుతుందని ఆమె లెక్క.

అట్లాంటి సమయంలో రాతిపలక మీద అన్నం పెడతానని ఒకడొచ్చాడు.

మార్కాపురానికి ఫాస్ట్‌ఫుడ్ నాలుగు చక్రాల బండి మీద వచ్చింది. పదిహేనేళ్ల కిందట బస్టాండు దగ్గర ఒకే బండి, ఒక పెద్ద మంట, ఒక బేసిన్‌లో ఎర్రరంగు గోబీ. ఇవాళ సందుకొకటి. అర్ధవీడులో గొర్రెలు తోలేవాడికి కూడా నూడుల్స్‌లో సింగిల్ ఎగ్‌కూ డబుల్ ఎగ్‌కూ తేడా తెలుసు. కందులు అమ్ముకొని ఇంటికి పోయే హనుమంతునిపాడు రైతు, ఒకప్పుడు మిఠాయి పొట్లం కట్టించుకున్నవాడు, ఇప్పుడు చికెన్ ఫ్రైడ్‌రైస్ పార్సిల్ కట్టించుకుంటాడు. ఇందులో ఏడవాల్సింది ఏమీ లేదు. మన పెద్దలు జొన్నసంగటి తిని వందేళ్లు బతికారని ఉపన్యాసాలిచ్చేవాళ్లకు రెండు పూటలా జొన్నసంగటే పెట్టి ఒక్క నెల చూడాలి. జనానికి ఉప్పూ కారమూ నూనే కావాలి, కూర్చోవడానికి మెత్తటి కుర్చీ కావాలి, పట్నంలో ఉన్నట్టు అనిపించే ఒక గంట కావాలి. నరేష్ సరిగ్గా అదే అమ్ముతున్నాడు.

నరేష్‌కు ఇరవై తొమ్మిదేళ్లు. నాయనకు పామూరు దగ్గర పదెకరాల మెట్ట. హైదరాబాద్‌లో హోటల్ చదువు చదివి, నాలుగేళ్లు ఒక పెద్ద హోటల్లో ఉల్లిపాయలు తరిగి తిరిగొచ్చి, మార్కాపురం కంభం రోడ్డులో ఒకటి, గిద్దలూరులో ఒకటి ఏసీ హోటళ్లు పెట్టాడు. పలకను మంట మీద కాల్చి, దాని మీద పనీరో కోడిముక్కలో పరిచి, సాస్ పోసి, చుయ్యిమంటూ పొగలు కక్కుతుండగా బల్ల మీదికి తేవాలని అతని ఆలోచన. తెస్తే జనం ఫోన్లు తీస్తారు, ఫోన్లు తీస్తే ఇంకో పదిమంది వస్తారు. చేతిలో పట్టుకున్న ఆ పలకనే చూపించి, ఇట్లే నల్లగా ఉండాల, ఇట్లే మెరవాల, మంట తట్టుకోవాల అన్నాడు. మూడు వందల పలకలకు బేరం కుదిరింది. పలకకు నూట తొంభై. ఇరవై వేలు ముందు ఇచ్చాడు.

జయలక్ష్మి ఆ రోజు నుంచీ ఆలోచించింది రాయి గురించే. మంటకు పగులుతుందా, పొరలు లేస్తుందా. నాలుగు గనుల రాయి తెప్పించి నాలుక పెట్టి చూసింది. ఇంట్లో గ్యాసుపొయ్యి మీద రెండు పలకలు గంటసేపు కాల్చి, నీళ్లలో ముంచి, పగలకపోతే సంతోషపడింది. ఆ రెండూ అప్పుడే కోసిన పచ్చి పలకలు. మల్లమ్మ గుడ్డ ఇంకా తగలనివి. షెడ్డులో ఆడవాళ్లకు ఆమె చెప్పింది, పన్నెండు అంగుళాలకు ఎనిమిది, మూడు వందలు, అంచులు గుండ్రంగా అని మాత్రమే. ఎందుకో చెప్పలేదు. వాళ్లు అడగలేదు. రాయి ఎక్కడికి పోతుందో ఆ షెడ్డులో ఎవరూ ఎప్పుడూ అడగరు. మూడు వారాల్లో పలకలు తయారయ్యాయి. సాయంత్రం నాలుగింటికి మల్లమ్మ డబ్బా మూత తీసింది.

పలకలు హోటల్‌కు చేరాక ఊళ్లో గోల కృష్ణమూర్తిది. పలకంటే సరస్వతి, దాని మీద కోడికాళ్లు కాలుస్తారా అని ఆయన రెండు రోజులు రాత్రి భోజనం మానేశాడు. సంఘంలో పెద్దమనుషులు తలలూపారు. సరస్వతిని పాతికేళ్ల నుంచీ కాంపౌండు గోడలకు అంటిస్తూనే ఉన్నాం, అప్పుడు మీకు ఆకలి బాగానే అయింది కదా అని జయలక్ష్మి అంది. మూడో రోజు ఆయన మామూలుగా తిన్నాడు.

నరేష్ హోటల్ దుమ్ము లేచిపోయింది. ఆదివారాలు అరుగు మీద కుర్చీలు వేసి జనాన్ని కూర్చోబెట్టారు. నంద్యాల నుంచి కార్లలో వస్తున్నారని జయలక్ష్మి విన్నది. మిగతా డబ్బుకు కబురు పెడితే, పెద్ద ఆర్డరు ఉంది పెద్దమ్మా, దానితో కలిపి ఇస్తానని నరేష్ చెప్పించాడు. పెద్ద ఆర్డరు అన్న మాట ఆమె చెవిలో తియ్యగా ఉండిపోయింది. కృష్ణమూర్తితో, మిషన్ల మాట ఎత్తొద్దని ఖండితంగా చెప్పింది.

అట్లా ఆరు నెలలు గడిచాయి. అక్టోబరులో మనవరాలు హరిచందన పుట్టినరోజు వచ్చింది. ఇంటర్ చదువుతోంది, అవ్వంటే ప్రాణం. స్నేహితులకు ముందే తినిపించేసి, సాయంత్రం ఆరింటికి అవ్వను ఒక్కదాన్నే స్కూటీ మీద నరేష్ హోటల్‌కు తీసుకుపోయింది. అవ్వ చేసిన పలక మీద అవ్వకు పనీరు పెట్టించాలని దాని సరదా.

జయలక్ష్మి అట్లాంటి చోట కూర్చోవడం అదే మొదలు. చల్లగాలికి కొంగు కప్పుకుంది. ధరల అట్ట చూసి, రాతిపలక పనీర్ మూడు వందల ఇరవై తొమ్మిది అని చదివి, ఆ అట్టను మూసేసింది. పక్క బల్ల దగ్గర అర్ధవీడు వైపు వాళ్లు, మొగుడూ పెళ్లామూ ఇద్దరు పిల్లలూ, ఒకే పలక చుట్టూ నాలుగు తలలు ఆనించి తింటున్నారు. చిన్నది ఇంకా పాలపళ్లది. ఎదురుగోడ మీద పెద్ద అక్షరాలు: నల్లమల మూలికల పొగతో కాల్చిన రాతివంట. ఇదెక్కడి మూలిక అని ఆమె మనవరాలిని అడగబోయేలోపు పలక వచ్చింది.

“ఫోటో తర్వాత తీస్తా అవ్వా. ముందు వాసన చూడు. దీనికోసమే అందరూ వచ్చేది,” అంది హరిచందన.

జయలక్ష్మి వంగింది. పనీరు, వెల్లుల్లి, సాస్ పులుపు. వాటి అడుగున ఇంకో వాసన. మొదట తన చీరకే అంటుకొని వచ్చిందేమో అనుకుంది. కొంగు ముక్కు దగ్గర పెట్టుకుంది. కొంగు సబ్బు వాసన వేస్తోంది. మళ్లీ వంగింది. ఆ వాసన పలక నుంచే వస్తోంది. సాయంత్రం నాలుగింటికి, మిషన్లు ఆగాక, డబ్బా మూత తీసినప్పుడు షెడ్డంతా కమ్ముకునే వాసన.

ఆమె పలక అంచు చల్లారేదాకా ఆగి, వేలు తడిచేసి, నల్లటి మూల మీద గట్టిగా రాసి, ఆ వేలు నాలుకకు పెట్టుకుంది. అర్ధవీడు పిల్లలు తినడం మాని ఆమెనే చూస్తున్నారు. హరిచందన సిగ్గుతో, ఏంది అవ్వా ఇది, ఇది షెడ్డు కాదు అంది. జయలక్ష్మికి ఆ మాట వినపడలేదు. నాలుక మీద చేదు, జిడ్డు, ఇనుప తుప్పు. నలభై ఏళ్లుగా రాయిని గుర్తుపట్టిన నాలుక అది. ఈసారి రాతి మీది పూతను గుర్తుపట్టింది.

మనవరాలు ముక్క నోట్లో పెట్టుకోబోతుంటే ఆమె చెయ్యి పట్టుకొని ఆపింది. పలకను తన వైపుకు లాక్కుంది. ఈ పిల్ల ఆరునెలల్లో ఎన్నిసార్లు ఇక్కడికి వచ్చింది? వారానికి ఒకసారి తక్కువ కాదు. వడ్డించే ఆయన్ని, పెద్దవాడే, కళ్లజోడు పెట్టుకున్న మనిషి, దగ్గరికి పిలిచి ఈ పలకలు దేంతో కడుగుతారని అడిగింది.

“కడగమమ్మా. కడిగితే వాసన పోతుందని సారు చెప్పినారు. పొడిగుడ్డతో తుడిచి మళ్లీ మంట మీద పెడతాం.”

ఆమె ఇంకేదో అడిగేలోపు నరేష్ వచ్చాడు. చేతులు జోడించి, మనిషంతా వెలిగిపోతూ, కుర్చీ లాక్కొని కూర్చున్నాడు. కనిగిరి, పొదిలి, నంద్యాలతో కలిపి ఆరు కొత్త హోటళ్లు తెరుస్తున్నానన్నాడు. ఆమె నోరు తెరిచే సందు ఇవ్వలేదు.

“నాకు పదహైదు వందల పలకలు కావాల పెద్దమ్మా. మీరు ఆ రాయికి ఏం పూస్తారో నాకు చెప్పొద్దు. మీ సీక్రెట్ మీ దగ్గరే పెట్టుకోండి. వాసన మాత్రం ఇట్లే ఉండాల.”

పదిహేను వందలు. తొమ్మిదిమందికి నాలుగు నెలల పని, షెడ్డుకు ఇంకో ఏడాది బతుకు. మిషన్లు పాతినుముకు పోవు, ఇంట్లో ఆ మాట ఇక లేవదు. ఈ క్షణంలో ఆమె చేయాల్సింది తల ఊపడమే. తరవాత నిమ్మళంగా, నూనె లేకుండా, కడిగి పంపించుకోవచ్చు. జయలక్ష్మి దేవత కాదు. ఆ దారి ఆమెకు స్పష్టంగానే కనిపించింది, కాసేపు దాన్ని చూస్తూ కూడా కూర్చుంది. పక్క బల్ల దగ్గర పాలపళ్ల పిల్ల పలకకు అంటుకున్న నల్లటి సాస్‌ను వేలితో గీకి నోట్లో పెట్టుకుంది. జయలక్ష్మి లేచి, నీతో మాట్లాడాలి, లోపలికి పద నాయనా అంది.

వంటింట్లో మూడు పొయ్యిలు విమానాల్లా రొద చేస్తున్నాయి. ఆమె మామూలు గొంతుతో చెప్పింది, అతనికి వినపడలేదు. ఏంది పెద్దమ్మా అని దగ్గరికి వంగాడు. వంటవాడు తెలివైనవాడు, పొయ్యి తగ్గించాడు.

“అది మూలిక కాదు. లారీ ఇంజన్లో నుంచి దించిన కాలిన ఆయిల్. గోడరాయికి పూసేది నీ పలకలకూ పూసినాం. తప్పు నాదే.”

నరేష్ ముందు నవ్వాడు. రేటు పెంచాలంటే పెంచుతాలే, దానికింత కథెందుకు అన్నాడు. ఆమె జోసెఫ్ షెడ్డు పేరు, డబ్బా రంగు, డీజిల్ పాళ్లు చెప్పింది. కావాలంటే ఒక పలకను చాకలిసోడా నీళ్లలో ఉడకబెట్టి, ఆ నీళ్లు చూడమంది. నవ్వు ఎక్కడ ఆగిందో ఆగింది. వంటవాడు చేతిలోని పలకను మెల్లగా కింద పెట్టి, చెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నాడు. నరేష్ అతన్ని బయటికి పొమ్మన్నాడు. తర్వాత అతని నోటి నుంచి వచ్చిన మాటలో పెద్దమ్మ లేదు, మీరు లేదు.

“ఇంకెవరికి చెప్పినావు?”

నీకే, ఇప్పుడే నాకు తెలిసింది అంది.

“అయితే నీ దగ్గరే ఉంచుకో. ఆరునెల్ల నుంచి తింటుండారు. ఒక్కడన్నా కడుపు నొప్పని వచ్చినాడా? రాలేదు. ఆర్డరు తీసుకో, వాసన పెట్టు, డబ్బు తీసుకో.”

జయలక్ష్మి ఆ ఊళ్లో రాయి దొంగలను చూసింది, చెల్లని చెక్కులు చూసింది, తూకం మోసాలు చూసింది. తెలియక చేసిన తప్పును తెలిసి కొనసాగించమని, దానికి ఆర్డరిచ్చే మనిషిని చూడటం అదే మొదటిసారి. బయటికి వచ్చి మనవరాలిని లేవదీసింది. స్కూటీ వెనక కూర్చొని, రోజుకు రెండు వందల పలకల వంతున ఆరు నెలలకు లెక్క కట్టింది. ముప్పై ఆరు వేలు తేలింది. ఎక్కడో తప్పిందనుకొని మళ్లీ కట్టింది. మళ్లీ అంతే వచ్చింది.

ఇంట్లో చెప్తే ఇంకో వింత. సరస్వతి కోసం అన్నం మానిన కృష్ణమూర్తి తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించి, ఇప్పుడీ సంగతి ఎవరడిగినారు, కొత్త వాటికి నూనె మానేస్తే సరిపోతుంది, పాతవి అవే అరిగిపోతాయి అన్నాడు. పదిహేను వందల పలకలన్న మాట ఆయన్ను అంత మార్చింది. ఫణికృష్ణ ఇంకా సూటిగా, పేపర్లో పడితే ముందు నీ పేరే పడుతుందమ్మా అన్నాడు. వాడన్నది నిజమే. కూతురు వారం వారం తిన్నదన్న సంగతి వాడికి అప్పటికి గుర్తు రాలేదు. గుర్తు వచ్చాక లేచి కూతురి గదిలోకి పోయాడు.

మర్నాడు ఉదయం ఆమె మల్లమ్మను పిలిచి, ఆ మూడు వందల పలకలకు నూనె పెట్టినావా అని అడిగింది. అడగక్కర్లేని ప్రశ్న. పెట్టకుండా ఎట్లా పంపుతానమ్మా అంది మల్లమ్మ. అవి దేనికో చెప్పింది జయలక్ష్మి. మల్లమ్మ చాలాసేపు తన చేతులు చూసుకుంది, గోళ్ల చుట్టూ ఎప్పటికీ పోని నలుపు. ఆ తర్వాత చెప్పింది.

“పోయిన నెల మా అల్లుడు తీసకపోయినాడమ్మా ఆడికి. అందరం తిన్నాం. ఏందో తెలిసిన వాసన లాగుందే అనుకుంటి. అంత ఖరీదు పెట్టి కొన్న కూడు కదా, దాని వాసనే అట్లుంటదేమో, మనకేం తెలుసులే అనుకుంటి.”

ఇరవై రెండేళ్లు రోజూ ఆ డబ్బా మూత తీసిన మనిషి. ఊళ్లో ఇంకెవరూ గుర్తుపట్టకపోయినా ఆమె గుర్తుపట్టాలి. మెత్తటి కుర్చీ, చల్లగాలి, గోడ మీద అక్షరాలు, మూడు వందల ఇరవై తొమ్మిది రూపాయలు ఇవన్నీ కలిసి ఆమె ముక్కును ఆమే నమ్మకుండా చేశాయి.

ఆ మధ్యాహ్నమే జయలక్ష్మి, మల్లమ్మ ట్రాలీ ఆటో కట్టించుకొని నరేష్ హోటల్‌కు పోయారు. పలకలు ఇచ్చెయ్, బాగుచేసి నాలుగు రోజుల్లో తెచ్చిస్తా, పైసా అడగను అంది జయలక్ష్మి. ఆదివారం దాటనీ అన్నాడు నరేష్. ఆమె వాదించలేదు. తలుపు పక్కనున్న కుర్చీలో కూర్చొని, వచ్చిన ప్రతి మనిషికీ చెప్పడం మొదలుపెట్టింది. పలక మీద తినొద్దండి, ఇంజన్ ఆయిల్ పూసినది, పూయించింది నేనే.

చెప్తే జనం పరిగెత్తుతారని ఆమె అనుకుంది. ఎవరూ పరిగెత్తలేదు. ఒకాయన ఆమెను ఎదురు హోటలువాళ్లు పంపించారనుకున్నాడు. కాలేజీ పిల్లలు వీడియో తీసుకున్నారు, తీసుకొని లోపలికి పోయి పలకే తెప్పించుకున్నారు. ఒకావిడ, అందుకేనా అంత బాగుంటుంది అని నవ్వింది. హనుమంతునిపాడు నుంచి వచ్చిన రైతు ఒకడు మాత్రం ఆగి, మొత్తం విన్నాడు.

“మా ఊరి ఫ్లోరైడు నీళ్లు తాగే మా నాయన నడుము వంగిపాయ, మా అన్న పళ్లు పచ్చబడిపాయ. ఆ నీళ్లకు ఒక్కరు ఇట్ల కుర్చీ వేసుకొని కూచోలే. నువ్వు మంచిదానివేలే పెద్దమ్మా, పక్కకు జరుగు, పిల్లోళ్లు ఆకలితో ఉండారు.”

ఆమె పక్కకు జరిగింది. పిల్లలు లోపలికి పోయారు. ఆ పూట ఆమె పడిన దిగ్భ్రమ ముందు, వంటింట్లో నరేష్ మాట చిన్నదైపోయింది. తినేవాళ్లకు తెలియదు కనుక తింటున్నారని ఆమె అనుకుంది. తెలిసినా తింటారు. ఇంతకన్నా చెడ్డవాటికి అలవాటుపడ్డ పొట్టలవి. మల్లమ్మ, పోదాంలే అమ్మా అని కొంగు పట్టి లాగింది. జయలక్ష్మి కదల్లేదు. సాయంత్రం దాకా కూర్చుంది, మర్నాడు మళ్లీ వచ్చి కూర్చుంది. నమ్మినవాళ్లు లేరు కానీ, హోటల్ తలుపులో ఒక ముసలామె రోజంతా ఇంజన్ ఆయిల్ గురించి మాట్లాడటం ఏ యజమానికైనా చూడ్డానికి బాగుండదు. రెండో రోజు మూడింటికి నరేష్ పలకలు బయటికి మోయించి ఆటోలో వేయించాడు. గిద్దలూరువి మరుసటి రోజు లారీలో వచ్చాయి. రెండు చోట్లవీ కలిపి మూడు వందలకు ఐదు తక్కువ. ఆ ఐదూ పగిలాయన్నారు.

తొమ్మిదిమంది ఆడవాళ్లు నాలుగు రోజులు డ్రమ్ముల్లో చాకలిసోడా వేసి పలకలు ఉడకబెట్టారు. మొదటిసారి నీళ్లు తారులా వచ్చాయి, రెండోసారి టీ రంగులో. మూడోసారి నీళ్లు వంపేసి, ఇసుకతో రుద్ది, ఎండలో పెట్టారు. కూలి ఆమె ఇచ్చింది. ప్రతి పలకనూ తనే నాలుక పెట్టి చూసింది. అనుమానం వచ్చిన వాటిని మళ్లీ డ్రమ్ములో వేయించింది. ఒకసారి మల్లమ్మ, మా మనవడికి దగ్గు వచ్చిందమ్మా, దీనివల్లనా అని అడిగింది. జయలక్ష్మికి తెలియదు. తెలియదనే చెప్పింది.

బూడిదరంగు పలకలు హోటల్‌కు తిరిగి వెళ్లాయి. రెండు వారాల్లో ఊరంతా అనుకోవడం మొదలుపెట్టింది, నరేష్ హోటల్లో రుచి పడిపోయిందని. పాత వాసన లేదని, వంటవాడు మారినాడని, మసాలా తగ్గించినారని. హరిచందన స్నేహితురాలు కూడా ఇంటికి వచ్చి ఆమె ముందే ఆ మాట అంది. ఆ పిల్లకు అన్నీ తెలుసు. తెలిసి, అయినా అప్పుడే బాగుండేది అవ్వా అంది. నరేష్ ఇప్పుడు సీసాల్లో వచ్చే పొగవాసన చుక్కలు వేస్తున్నాడని వంటవాడు చెప్పాడు. గోడ మీద నల్లమల అట్లాగే ఉంది. కొత్త హోటళ్లు కనిగిరిలో, పొదిలిలో తెరుచుకున్నాయి. వాటికి ఇనుప పెనాలు కొన్నాడు. పదిహేను వందల పలకల మాట మళ్లీ రాలేదు.

షెడ్డులో ఇప్పుడు ముగ్గురే మిగిలారు, మల్లమ్మతో కలిపి. రెండు మిషన్లు జనవరిలో పాతినుముకు పోయాయి. మూడోదాన్ని జయలక్ష్మి పోనివ్వలేదు, దాని మీద కృష్ణమూర్తితో ఇంకా మాటలు లేవు. గోడరాయికి నూనె తుడుపు మానేసింది. నలుపు లేని రాయి కొనేవాళ్లు తక్కువ.

నరేష్ ఫోన్ ఎత్తడు. ఒకసారి బజార్లో ఎదురుపడి, నా వ్యాపారం చెడగొట్టి మళ్లీ డబ్బులేంది అన్నాడు. మూడు వందల పలకలకు యాభై ఏడు వేలు. ఇరవై వేలు ముందు వచ్చాయి. ముప్పై ఏడు వేలు రావాలి.